అడవిలో గొడ్లసావిడి

ఈ శతవత్సర సంచికలో దేవాలయములను గూర్చి, పునాదిరాళ్లను గూర్చి వ్రాయువారు చాలమంది ఉన్నారు. మేము ఒక గొడ్లసావిడిని గూర్చి వ్రాయదలచినాము. పాఠకులు నవ్వకుందురు గాక. అమెరికా అడవుల్లో చెట్లు నరికి పశువుల కొట్టము, కూరల దొడ్డి వేసుకొన్న పేద వలసదారులకును మన తెలుగు సంఘముల చరిత్రకును కొంత సంబంధమున్నది.

1842 జూలై 31న గుంటూరు చేరిన ఫాదర్ హయ్యర్ గారిని ఎరుగనివారు మన ప్రాంతములో అరుదు. లూథరన్ సోదరులు ఆయనను తమవాడంటారు, అది న్యాయమే. అయితే 1857లో ఇండియా విడిచి వెళ్లిన తరువాత ఆయన ఏమి చేశారో మనవారు అంతగా పట్టించుకోలేదు. అరవై నాలుగో యేట విశ్రాంతి కోరుకొనక, మిన్నెసోటా అనే కొత్త ప్రాంతమునకు పోయి, అప్పుడప్పుడే కాపురములు పెట్టుచున్న జర్మను వలసదారుల మధ్య సేవ చేశారు. 1860లో అక్కడి సినడుకు మొదటి అధ్యక్షులైనారు. 1869లో రాజమండ్రి క్షేత్రమును చర్చి మిషనరీ సొసైటీ వారికి, అనగా మన పక్షమువారికి, అప్పగించబోతున్నారని తెలిసి, డెబ్బదియారేండ్ల వయస్సులో మరల ఓడ ఎక్కినారు. క్షేత్రము మనకు దక్కలేదు. ఆ సంగతి ఇప్పుడు తలచుకొంటే మాకు నవ్వే వస్తుంది గాని కోపము రాదు.

ఆ మధ్యకాలములో ఆయన ఎరిగిన కాపురములు ఎట్టివి? మిన్నెసోటాలో ‘పెద్దడవి’ అని పేరుపడిన ప్రాంతముండేది. మేపుల్, ఓక్, ఎల్మ్, బాస్‌వుడ్ చెట్లు దట్టముగా పెరిగి, వేసవిలో నేలమీద ఎండ పడనిచ్చేవి కావు. 1841 నాటి చట్టము ప్రకారము అక్కడ కాపురమున్నవాడు ఎకరమునకు డాలరుంబావు చెల్లించి భూమి కొనుక్కోవచ్చును. తరువాత 1862 మే 20న అధ్యక్షుడు లింకను హోమ్‌స్టెడ్ చట్టముపై సంతకము చేశాడు. స్వల్ప రుసుము కట్టి, ఐదేళ్లు అక్కడే నివసించి సాగుచేసినవానికి 160 ఎకరములు సొంతమగును.

ఉచిత భూమి అనగానే మన కళ్లముందు దున్నిన చేను మెదలుతుంది. వానికి దక్కినది చెట్లు. ఒక జత యెడ్లున్న మనిషి ఏడాదికి ఐదారెకరములు బాగుచేస్తే గట్టివాడే. మా చిన్నతనములో మా తండ్రిగారు ఒక్క నల్లతుమ్మ మొదలు తవ్వి తీయుటకు మూడు రోజులు పట్టినది. గడ్డపార వంగినది, మొదలు మాత్రము నాలుగోనాటికి గాని కదలలేదు. అక్కడ ఎకరమునకు అటువంటివి వందలు.

కాబట్టి మొదట్లో వారు మొదళ్ల జోలికి పోలేదు. చెట్టు చుట్టూ గొడ్డలితో బెరడు వలయముగా తీసివేసేవారు. చెట్టు నిలువునా ఎండి ఆకు రాలుస్తుంది, నేలకు వెలుగు తగులుతుంది. ఆ మోడుల మధ్యనే మొదటి కూరమడి. వేళ్లవల్ల నాగలి సాగదు గనుక పారతో గుంటలు తీసి ఉర్లగడ్డలు, టర్నిప్ దుంపలు, మొక్కజొన్న పెట్టేవారు. మొక్కజొన్న కర్రకు చిక్కుడు పాకుట, కింద గుమ్మడితీగ నేలను కప్పి కలుపును అణచుట, ఇది అమెరికా ఆదివాసుల పద్ధతి. దొడ్డి పని ఎక్కువగా స్త్రీలది, పిల్లలది. గాలి వీచినప్పుడు ఎండుకొమ్మ విరిగి నెత్తిన పడుట అక్కడ మామూలు ప్రమాదము. జింకలు, విచ్చలవిడిగా తిరిగే పందులు రాకుండ చీల్చిన కర్రలను ఒకదానిమీద ఒకటి వంకరటింకరగా పేర్చి దడి కట్టేవారు. దానికి మేకు అక్కరలేదు, గుంజ పాతనక్కరలేదు.

ఏజెన్సీ ప్రాంతములో సేవ చేసిన గురువులు ఇది చదివి, పోడు వంటిదే గదా అంటారు. సగము నిజము. కోయలు, కొండరెడ్లు కొన్నేళ్లు పండించి ఆ చోటు వదిలి అడవిని మరల పెరగనిస్తారు, వలసరైతు పెరగనీయడు. మరొక తేడా ఏమనగా, 1862లో అక్కడ అడవి నరికి కాపురమున్నవానికి పట్టా ఇచ్చుటకు చట్టము పుట్టగా, 1882 మద్రాసు అటవీ చట్టము వచ్చిన తరువాత ఇక్కడ పోడు కొట్టినవానికి జరిమానా పడినది.

చెట్లు కూల్చుట ఎక్కువగా చలికాలపు పని. ఎండిన కొమ్మలు కాల్చిన తరువాత పెద్ద దుంగలు మిగులును. ఒక్క కుటుంబమువల్ల అవి కదలవు. ఈనాడు నీ చేను, రేపు నా చేను అని మన పల్లెల్లో బదులు పనికి పోయినట్లే, ఇరుగుపొరుగువారు యెడ్లతో, గొలుసులతో వచ్చి దుంగలను గుట్టలుగా ఈడ్చి నిప్పుపెట్టేవారు. వచ్చినవారికి భోజనము పెట్టాలి. పలుచోట్ల విస్కీ కూడ పోయవలసి వచ్చేది. ఈ విషయమై బోధకులకు, రైతులకు తగవులు తప్పలేదు. బూడిద కూడ వృథా పోలేదు. పూర్వము న్యూయార్కు, కెనడా అడవుల్లో దానిని నీళ్లతో వడగట్టి, ఇనుప కాగుల్లో మరిగించి పొటాషు తీసి అమ్మేవారు. సబ్బుకు, గాజుకు అది కావాలి. అమెరికా ప్రభుత్వమిచ్చిన మొట్టమొదటి పేటెంటు పొటాషు తీసే పద్ధతికే, 1790 జూలై 31న. హయ్యర్ గారు గుంటూరు చేరినది సరిగా యాబదిరెండేళ్లకు అదే తేదీన. దీనికి అర్థమేమీ లేదు, మాకు తోచినది వ్రాసినాము.

ఇక సావిడి. మన ఇళ్లలో గొడ్లపాక ఒకచోట, గాదె ఒకచోట, గడ్డివామి కళ్లములో. వారికి ఈ మూడును ఒకే కప్పు కింద ఉండాలి. ఏడాదిలో దాదాపు సగము నేల మంచుకింద ఉండే దేశములో ఆవుకు బయట గరిక దొరకదు. పశువు చస్తే దుక్కి లేదు, పాలు లేవు, దుంగ ఈడ్చే దిక్కు లేదు. అందుచేత యజమాని తాను ఒంటిగది గుడిసెలో సర్దుకొని, పశువుల కొట్టమునకే మంచి కలప పెట్టిన కాపురములు ఎన్నో. కట్టే స్థలము చుట్టూ, చెట్టు విరిగి పడితే అందనంత దూరము, మొత్తము నరకవలసినదే. దుంగల చివరలు గాడిపెట్టి మూలల్లో ఒకదానిలో ఒకటి దిగవేసేవారు. మరీ పొడుగు దుంగ ఎత్తుట కష్టము గనుక రెండు చిన్న కొట్లు ఎడముగా కట్టి, మధ్య చోటును నూర్పిడి కళ్లముగా ఉంచి, పైన ఒకే కప్పు వేసేవారు. తరువాత కలిమి వచ్చినవారు చెక్కిన దూలములతో పెద్ద సావిడి లేపేవారు. నెలల తరబడి తొలిచి, కొయ్యచీలలు సిద్ధము చేసుకొని, ఊరంతా కూడి ఒక్క దినములో చట్రము నిలబెట్టేవారు. సరిగా ఆరని గడ్డి అటకెక్కిస్తే అది లోలోపల మాగి వేడెక్కి తనంతట తానే అంటుకొనును. అట్లు తగులబడిన సావిళ్లకు లెక్కలేదు.

నిప్పు సంగతి అంతటితో పోలేదు. పొరుగు రాష్ట్రమైన విస్కాన్సిన్‌లో 1871 అక్టోబరు 8న, వానలు లేని ఏట, రైతులు, రైలుమార్గపు కూలీలు చెత్త కాల్చుటకు పెట్టిన మంటలు గాలికి ఏకమై పెష్టిగో పట్టణమును మింగినవి. ఆ అగ్నిలో చనిపోయినవారు వెయ్యిన్ని రెండువందలకు తక్కువ కారు. షికాగో కాలినది అదే రాత్రి గనుక లోకము షికాగోనే జ్ఞాపకముంచుకొన్నది. 1894 సెప్టెంబరు 1న మిన్నెసోటాలోని హింక్లీలో నాలుగు వందలకు పైగా కాలిపోయినారు.

ఒక సంగతి దాటవేస్తే ఈ వ్యాసము అబద్ధమగును. ఆ భూమి ఖాళీగా లేదు. డకోటా జనులు 1851 ఒడంబడికల్లో దానిని వదులుకొన్నారు. ఇస్తామన్న సొమ్ము వేళకు రాక 1862లో ఆకలితో తిరుగబడ్డారు. వందలాది వలసదారులు, అందులో ఎందరో జర్మనులు, తాము బాగుచేసుకొన్న దొడ్లలోనే చంపబడ్డారు. డిసెంబరు 26న మన్కాటోలో 38 మంది డకోటాలను ఒకేసారి ఉరితీశారు. ఆరు రోజులకు, 1863 జనవరి 1న, హోమ్‌స్టెడ్ చట్టము అమలులోనికి వచ్చినది. అదే యేట మరొక చట్టముతో డకోటాలను మిన్నెసోటా నుండి వెళ్లగొట్టారు. మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి కలిపి వేసే పద్ధతి మాత్రము వలసదారుల దొడ్లలో నిలిచిపోయినది.