కానుకా, బాకీయా?

పలాస నుంచి కవిటి దాకా కొబ్బరి, జీడి తోటల మధ్య పరుచుకున్న ఉద్దానంలో పింఛను కాగితాలు పట్టుకు తిరిగేవారంతా ముసలివాళ్ళు కారు. నిన్నమొన్నటి దాకా కొబ్బరిచెట్టెక్కినవాడు, బట్టీలో జీడి పిక్కలు కొట్టిన స్త్రీ కూడా వారిలో వున్నారు. మూత్రపిండాల జబ్బు వారి రెక్కలు విరిచింది. వీరు ప్రభుత్వాన్ని దయ అడుగుతున్నారా, తమకు రావలసినది అడుగుతున్నారా?

యీ ప్రశ్న యీ నేలకు కొత్తది కాదు. 1940లో మందసా జమీందారీ రైతులు అడవి మీద తమ హక్కు కోసం నిలబడ్డారు. గుడారి రాజమణిపురంలో పోలీసు కాల్పులకు గున్నమ్మ బలియైంది. ఆ యేడు మార్చిలోనే అఖిల భారత కిసాన్ సభ పలాసలో సమావేశమైంది. జమీందారు దయగా విదిల్చేదాన్ని రైతు తన హక్కుగా అడగడం అక్కడ నేర్చుకున్నాడు.

పదేళ్ళకు రాజ్యాంగం వచ్చింది. నిరుద్యోగం, వృద్ధాప్యం, అనారోగ్యం, అంగవైకల్యం కలిగినప్పుడు ప్రభుత్వ సహాయం పొందే హక్కుకు ఏర్పాటు చేయాలని 41వ అధికరణం చెప్పింది. ఐతే రాజ్యం తన ఆర్థిక శక్తి మేరకే చేయాలన్నది. పైగా అది ఆదేశిక సూత్రం గనుక, కోర్టుకెక్కి రాబట్టుకునేది కాదు.

తక్కిన తలుపుల సంగతి చూడండి. పని వల్ల జబ్బు వస్తే యజమాని పరిహారమివ్వాలని 1923 నాటి చట్టమే అన్నది. కాని ఉద్దానం జబ్బుకు కారణం ఇదీ అని నేటికీ తేలలేదు. నికరాగ్వా చెరుకు తోటల్లోనూ, శ్రీలంక ఉత్తర మధ్య రాష్ట్రపు పొలాల్లోనూ యిలాంటి జబ్బే శ్రామికులను పట్టింది. అక్కడా వాదం తెగలేదు. కారణం తెలియని జబ్బుకు ప్రతివాది వుండడు. 1948లో వచ్చిన ఉద్యోగుల బీమా చట్టం ఫ్యాక్టరీ కార్మికునికి జబ్బు రోజుల భత్యం యిచ్చింది. తోట కూలీకి యివ్వలేదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 వైకల్యాలను గుర్తించింది. అందులో తలసీమియా వున్నది, సికిల్ సెల్ వున్నది. మూత్రపిండాల వైఫల్యం లేదు.

అన్ని తలుపులూ మూసుకున్నాక రాష్ట్రం ఒక చిన్న తలుపు తీసింది. డయాలిసిస్ రోగికి మొదట నెలకు 2,500 రూపాయలు. 2019లో అది 10,000 అయింది. డయాలిసిస్ దాకా రానివారికి తరువాత 5,000 యిచ్చారు. 2024లో దాన్నీ 10,000 చేశారు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ ఆస్పత్రి, హిరమండలం నుంచి మంచినీటి పథకం ప్రారంభమైనాయి. యివి చిన్న విషయాలని యెవరూ అనరాదు. ప్రజలు యేళ్ళ తరబడి అడగగా వచ్చినవి.

కాని ఆ తలుపు దగ్గర కాపలా వున్నది ఒక అంకె. డయాలిసిస్‌లో లేని రోగికి క్రియాటినిన్ 5 దాటాలి, లేదా మూత్రపిండాల వడపోత 15 లోపుకు పడాలి, లేదా అవి కుంచించుకుపోయి వుండాలి. ఆరోగ్యవంతునికి క్రియాటినిన్ సుమారు 1 వుంటుంది. 5 అనగా మూత్రపిండాల శక్తిలో చాలా భాగం పోయిన తరువాతి మాట. కూలి అంతకు చాలా ముందే పోతుంది. 3 దగ్గరే ఆయాసంతో చెట్టెక్కలేని మనిషి 5 వచ్చేదాకా యేం తినాలి? జబ్బు ముదిరితేనే అన్నం దొరికే యేర్పాటులో, రక్తపరీక్ష కాగితం చూసి అంకె పెరగలేదని దిగులుపడే దుస్థితి మనిషికి రావచ్చు. అంతకంటె క్రూరమైన దరఖాస్తు వుంటుందా?

మరొకటి, పేరు. 2019లో దీని పేరు పింఛను ‘కానుక’, 2024లో ‘భరోసా’. రెండింటికీ ముందు ఒక నాయకుని పేరు. వెనుక రైతు జమీందారుకు కానుకలు మోసుకుపోయేవాడు. నేడు కానుక యెదురు నడిచి వస్తున్నది. దిక్కు మారినా, మాటలో యజమాని మిగిలే వున్నాడు. యిచ్చేవాడి పేరున్న సొమ్మును తీసుకునేవాడు గట్టిగా అడగలేడు.

కనుక మన కోరిక స్పష్టంగా వుండాలి. కొలవవలసినది రక్తంలోని అంకె ఒక్కటే కాదు, పోయిన పనిదినాలను కూడా. యిరవై యేళ్ళు జీడి పిక్కలు కొట్టి దేశానికి సంపద చేసిన చేతులకు సమాజం బాకీ వున్నది. బాకీ తీర్చడానికి బాకీదారు మరణశయ్య యెక్కేదాకా ఆగడం యే న్యాయం?