డెస్క్‌టాప్ సీఎన్‌సీ యంత్రము

డెస్క్‌టాప్ సీఎన్‌సీ యంత్రము అనగా కంప్యూటరు ఆదేశముల ననుసరించి కర్ర, ప్లాస్టిక్కు వంటి మెత్తని పదార్థములను చెక్కు చిన్న యంత్రము. అభిరుచి కొరకు పనిచేయువారిలో 3018 రకము ప్రసిద్ధము. దీని పనిస్థలము సుమారు 300 × 180 మి.మీ.

ఉక్కును కోయదలచినవారు మొదట మోటారును మార్చుట పరిపాటి. అయితే అసలు లోపము శక్తిలో కంటె దృఢత్వములోనే ఉన్నది. పెద్ద మోటారు బరువునకు, కోత బలమునకు సన్నని కడ్డీలు వంగును. కోత పనిముట్టు కంపించి విరుగును. పొడవు మారకుండ గుండ్రని కడ్డీ వ్యాసమును రెట్టింపు చేసినచో వంపును తట్టుకొను శక్తి 16 రెట్లగును. కనుక 10 మి.మీ. కడ్డీలకు బదులు 20 మి.మీ. కడ్డీలు అమర్చుట మేలే. కాని అప్పుడు ప్లాస్టిక్కు బిగింపులు, లీడ్ స్క్రూ వదులు బయటపడును. వాటిని కూడ మార్చినచో పాత యంత్రములో మిగులునది కంట్రోలు బోర్డు మాత్రమే! ఆ ఖర్చునకు పోత ఇనుప చట్రము గల చిన్న మిల్లింగు యంత్రమును చూచుకొనుట ఉచితము. అల్యూమినియమును మాత్రము, ఒక్కొక్క దఫా మి.మీ.లో పదవ వంతు లోతున, ఓపికగా తీయవచ్చును.