దుబాసీ లేని యంత్రం

పిచ్చి కుదిరితే గాని పెళ్ళి కాదు, పెళ్ళయితే గాని పిచ్చి కుదరదు. పాత కంప్యూటరులో నిర్వహణ వ్యవస్థను తిరిగి స్థాపించుకున్న గృహస్థులకు ఈ సామెత అనుభవానికి వచ్చే ఉంటుంది. అంతర్జాలం అందాలంటే నెట్‌వర్క్ డ్రైవరు కావాలి. ఆ డ్రైవరు ఉండేది అంతర్జాలంలో! పరకాలలో మా ఇంటి పాత ల్యాప్‌టాపులో లినక్స్ వేసినప్పుడు నాకూ ఈ చిక్కే ఎదురైంది. తెర వెలిగింది, తెలుగు అక్షరాలు ముత్యాల్లా కనిపించాయి, వైఫై మాత్రం మూగవోయింది. దారి వెతుకుతూ చదివిన దానిలో ఒక చక్కని చరిత్ర దొరికింది. మిత్రులతో పంచుకోవాలనిపించింది.

డ్రైవరు అనగానే బండి తోలేవాడు స్ఫురిస్తాడు. కంప్యూటరులో దాని పని దుబాసీతనం. సంస్కృత 'ద్విభాషి' శబ్దమే వాడుకలో దుబాసీ అయింది. కర్నల్ మెకంజీకి దేశభాషలు రావు. కావలి బొర్రయ్య వంటి తెలుగువారు పక్కన ఉండబట్టే మన శాసనాలు ఆయనకు అర్థమయ్యాయి. 1803లో బొర్రయ్య కన్నుమూయగా ఆ భారాన్ని సోదరుడు లక్ష్మయ్య వహించాడు. అలాగే నిర్వహణ వ్యవస్థకు వైఫై పరికరం భాష తెలియదు. నడుమ దుబాసీ లేకపోతే రెండూ ఎదురెదురుగా ఉండి కూడా పలకరించుకోలేవు.

లినక్స్‌కు ఈ దుబాసీ ఎందుకు కరవైంది? 2003 మార్చిలో ఇంటెల్ 'సెంట్రినో' వచ్చాక ల్యాప్‌టాపులలో వైఫై మామూలు సంగతి కాసాగింది. పరికరాలు చేసే సంస్థలు చాలావరకు విండోస్‌కు మాత్రమే డ్రైవరు ఇచ్చి, పరికరం భాషను రహస్యంగా ఉంచాయి. వ్యాపార రహస్యమన్నది ఒక కారణం. రేడియో తరంగాల బలాన్ని ఎవరైనా మార్చివేస్తే ప్రభుత్వ నియమాలకు భంగమన్నది మరొకటి.

ఆ 2003లోనే 'ఎన్‌డిస్‌రాపర్' పుట్టింది. విండోస్‌లో నెట్‌వర్క్ డ్రైవర్లు పాటించే ఒడంబడిక పేరు 'ఎన్‌డిస్'. మైక్రోసాఫ్ట్, త్రీకామ్ సంస్థలు కలిసి రూపొందించినది. విండోస్ కోసం రాసిన దుబాసీనే లినక్స్‌లోకి తీసుకువచ్చి, 'నీవు విండోస్‌లోనే ఉన్నావు' అని నమ్మించడం ఈ రాపర్ చేసే పని. దాని కర్తలుగా రెండు పేర్లు కనిపిస్తాయి: పాంటస్ ఫుక్స్, గిరిధర్ పెమ్మసాని. గండికోట చరిత్ర చదివినవారికి పెమ్మసాని అన్న ఇంటిపేరు కొత్త కాదు. ఆ పేరు అక్కడ చూసి నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

అయితే ఇందులో ఒక మెలిక ఉంది. రాపర్ స్వయంగా స్వేచ్ఛా సాఫ్ట్‌వేరే అయినా, అది వెంటబెట్టుకు వచ్చే డ్రైవరు లోపల ఏముందో ఎవరూ చూడలేరు. అందుచేత అది చేరిన కెర్నెల్‌కు 'మైల పడింది' అన్న గుర్తు వేసేవారు. మడి, మైల యంత్రాలకూ తప్పలేదన్నమాట!

రెండవ మార్గం మరింత కఠినం. బ్రాడ్‌కామ్ పరికరాల విషయంలో ఔత్సాహికులు రెండు బృందాలయ్యారు. ఒక బృందం అసలు డ్రైవరును పరిశీలించి లక్షణగ్రంథం వంటి వివరణ రాసింది. రెండవ బృందం అసలు డ్రైవరును ముట్టకుండా, ఆ వివరణను మాత్రమే చూసి కొత్త డ్రైవరు రాసింది. వ్యాకర్తలు లక్ష్యాన్ని చూసి లక్షణం చెబుతారు. ఇక్కడ లక్షణం నుండి మరొక లక్ష్యం పుట్టింది. 2006 జూన్‌లో అది లినక్స్ కెర్నెల్‌లో చేరింది. 2010 సెప్టెంబరులో బ్రాడ్‌కామ్ సంస్థే తన కొత్త పరికరాలకు బహిరంగ డ్రైవరు విడుదల చేసింది.

అప్పటికీ పరికరం లోపలికి ఎక్కించవలసిన 'ఫర్మ్‌వేర్' రహస్యంగానే మిగిలింది. దానిని అధికారిక స్థాపక ప్రతిలో చేర్చాలా వద్దా అని డెబియన్ సభ్యులు ఏళ్ళ తరబడి తర్కించి, 2022లో ఓటు వేసి చేర్చాలని నిర్ణయించారు. 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12 నుండి అది అమలైంది.

ఇక నా చిక్కు విడిన విధం. ప్రతి పరికరమూ తన ఇంటిపేరును, పేరును రెండు సంఖ్యలుగా చెప్పుకుంటుంది. ఇంటెల్ వారి ఇంటిపేరు 8086. 1978లో వారు చేసిన ప్రాసెసరు పేరూ అదే. మా యంత్రంలోని వైఫై పరికరం సంఖ్యలు చూసుకున్నాను. చేతిఫోనును యూఎస్‌బీ తీగతో కలిపి, 'టెదరింగ్' తెరిచి, ఆ దారిన ఫర్మ్‌వేర్ దింపుకున్నాను. తీగ ద్వారా వచ్చే జాలానికి కావలసిన దుబాసీ లినక్స్‌లో ముందే ఉంటుంది. పిచ్చి కుదిరింది, పెళ్ళీ అయింది.

ఈ గొడవ మన భాషకు పరాయిది కాదు. ఒకప్పుడు తెలుగు ఫాంట్లు దేని సంకేతాలు దానివిగా ఉండేవి. ఫాంటు పోతే రాసినదంతా పిచ్చిగీతలే. 1991లో యూనికోడు తెలుగుకు 128 స్థానాలు కేటాయించి, ఆ పట్టికను లోకానికంతటికీ తెరిచి ఉంచింది. అందుకే ఈ వాక్యాలు ఏ దేశంలో, ఏ యంత్రంలో తెరిచినా తెలుగుగానే కనిపిస్తున్నాయి. డబ్బు పెట్టి కొన్న వస్తువైనా దాని భాష మనకు చెప్పనంతకాలం సగమే మనది. పాత ఫాంట్లలో రాసుకున్నవి మిత్రుల దగ్గర ఇంకా మిగిలి ఉంటే, వాటిని చదివే దుబాసీ బతికి ఉండగానే యూనికోడులోకి మార్చుకోవలసిందని నా మనవి.