రక్తం లెక్కకు పూచీ ఎవరిది?

శ్రీశైలంలో పొద్దున తీసిన రక్తం కర్నూలు ల్యాబుకు చేరాలంటే దోర్నాల, ఆత్మకూరు మీదుగా దాదాపు 180 కిలోమీటర్లు ప్రయాణించాలి. గొట్టంలో పోసినంత మాత్రాన నెత్తురు ఊరుకోదు. కణాలు చక్కెరను తింటూనే ఉంటాయి. సీరమ్ వేరుచేయకపోతే గంటకు 5 నుంచి 7 శాతం గ్లూకోజు తగ్గిపోతుంది. షుగరు పరీక్షకు ఫ్లోరైడ్ వేసిన బూడిదరంగు మూత గొట్టం వాడేది అందుకే. కణాలు చిట్లితే లోపలి పొటాషియం, ఫాస్ఫేట్ సీరమ్‌లో కలుస్తాయి. సాయంత్రానికి మెషిన్ పొటాషియం 7 అని చూపించిందనుకోండి. రోగి గుండెకు ముప్పు వచ్చినట్టా, ఘాట్ రోడ్డు కుదుపులకు కణాలు చిట్లినట్టా? ఆ తేడా పసిగట్టి డాక్టరుకు ఫోన్ చేయగల మనిషిని తయారుచేసేదే పీహెచ్‌డీ తర్వాత చేసే క్లినికల్ కెమిస్ట్రీ ఫెలోషిప్. దాని పుట్టుక తవ్వుకుంటూ పోతే మనవాడొకాయన ఎదురవుతాడు.

1900లో అమెరికాలోని మెక్లీన్ ఆసుపత్రి, స్వీడన్ నుంచి వచ్చిన ఒట్టో ఫోలిన్ అనే రసాయన శాస్త్రవేత్తను పనిలో పెట్టుకుంది. మానసిక రోగుల ఆసుపత్రిలో కెమిస్టుకేం పని అనిపించవచ్చు. మూత్రంలో ఏమేం ఎంతెంత పోతున్నాయో కొలవడమే ఆయన పని. ఫోలిన్ తర్వాత హార్వర్డ్ చేరి, కొద్దిపాటి రక్తంతోనే చక్కెర, యూరియా, క్రియాటినిన్ లెక్కగట్టే పద్ధతులు తెచ్చాడు.

హార్వర్డ్‌లో ఫోలిన్ ఉన్న విభాగంలోకే వచ్చారు యల్లాప్రగడ సుబ్బారావు. 1895లో భీమవరంలో పుట్టి, మద్రాసులో వైద్యం చదివి, బోస్టన్ వెళ్లి, పొట్టకూటికి ఆసుపత్రిలో రాత్రిపూట పోర్టరు పని కూడా చేసిన మనిషి. రక్తంలో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతులు అప్పటికే ఉన్నా వాటిలో తేలే రంగు నిలకడగా ఉండేది కాదు. 1925లో అదే విభాగంలోని సైరస్ ఫిస్క్‌తో కలిసి ఆయన కొత్త దారి చూపారు. ముందుగా ప్రోటీన్లు తీసేస్తారు. మిగిలిన ద్రవంలో ఆమ్లంతో కూడిన మాలిబ్డేట్ పోసి, అమైనో నాఫ్తాల్ సల్ఫోనిక్ ఆమ్లం కలిపితే నీలిరంగు తేలుతుంది. ఆ నీలం ఎంత చిక్కగా ఉంటే ఫాస్ఫరస్ అంత ఎక్కువ.

అసలు ముచ్చట ఆ తర్వాతిది. కండరాల రసంలో ఆ నీలం తేలవలసిన వేగంతో తేలలేదు. ఇంకొకరైతే మందు పాడైందని పారబోసేవారేమో! వీళ్లు వదల్లేదు. కండరంలో ఫాస్ఫరస్‌ను పట్టుకుని మెల్లగా విడుదల చేస్తున్న పదార్థం ఏదో ఉందని గుర్తించారు. అదే 1927లో బయటపడిన ఫాస్ఫోక్రియాటిన్. రెండేళ్లకు కణాలకు శక్తినిచ్చే ఏటీపీ కూడా దొరికింది. రీడింగు తేడాగా వస్తే ఎందుకొచ్చిందని నిలదీసే ఈ బుద్ధే ఫెలోషిప్‌లో నేర్పేదంతా అని నా అభిప్రాయం.

సుబ్బారావు 1930లో పీహెచ్‌డీ అందుకున్నారు. హార్వర్డ్ ఆయనకు శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో లెడర్లీ కంపెనీకి వెళ్లి, 1948 ఆగస్టులో కన్నుమూశారు. అదే ఏడాది చివర్లో న్యూయార్క్‌లో క్లినికల్ కెమిస్టుల సంఘం ఏర్పడింది. 1950లో అర్హత పరీక్షలు పెట్టే బోర్డు వచ్చింది. తర్వాతి కాలంలో పీహెచ్‌డీ చేసినవాళ్లకు ఆసుపత్రి ల్యాబులోనే రెండేళ్ల శిక్షణ స్థిరపడింది. విషాలు, హార్మోన్లు, మందుల మోతాదులు, కొత్త మెషిన్‌ను నమ్మొచ్చో లేదో తేల్చడం, అర్ధరాత్రి డాక్టరు అడిగితే జవాబు చెప్పడం, అన్నీ అందులో భాగమే.

మన దగ్గర ఈ బాధ్యత ఎక్కువగా ఎంబీబీఎస్ తర్వాత ఎండీ బయోకెమిస్ట్రీ చేసినవాళ్ల మీద పడుతుంది. కర్నూలు మెడికల్ కాలేజీ 1956 నుంచి ఉంది. కడపలో కాలేజీ వచ్చింది, 2023లో నంద్యాలలోనూ మొదలైంది. బయోకెమిస్ట్రీలో పీహెచ్‌డీ చేసిన సీమ పిల్లలకు ఆ ఆసుపత్రుల్లోనే రెండేళ్ల శిక్షణ ఇస్తే మెషిన్ల పక్కన మనిషి ఉంటాడు. అందాకా మనం చేయగలిగింది ఒకటుంది. కొండమీద రక్తం ఇచ్చేటప్పుడు, తీసిన వేళ గొట్టం మీద రాయమని అడగండి. రిపోర్టు చేతికొచ్చాక, నమూనా ల్యాబుకు ఎన్ని గంటలకు చేరిందో చూడండి.