తాళపత్రం నుంచి జాలపుట దాకా: గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల వెబ్‌సైట్ల నేపథ్యంలో తెలుగు పుటవిన్యాస ప్రమాణాల చరిత్ర

ఉపోద్ఘాతం

2016 అక్టోబరు 11న తెలంగాణలో జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగి, పది జిల్లాలు ముప్ఫై ఒకటిగా మారాయి. పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లా నుంచి జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలు వేరుపడ్డాయి. జిల్లా అంటే కలెక్టరు కార్యాలయం, కచేరీ, ఖజానా అన్న పాత భావనకు అప్పటికే మరొకటి చేరింది. కొత్త జిల్లాకు సొంత వెబ్‌సైటు కూడా అవసరమైంది. ఆ ప్రకారమే మూడు జిల్లాలకూ తెలుగు, ఆంగ్ల భాషల్లో అధికారిక వెబ్‌సైట్లు ఏర్పడ్డాయి.

ఈ మూడు జిల్లాల నేల తెలుగు సాహిత్య చరిత్రకు సుపరిచితం. గద్వాల, వనపర్తి సంస్థానాలు, కొల్లాపురం కేంద్రంగా ఉన్న జటప్రోలు సంస్థానం కవిపండిత పోషణకు పేరెన్నికగన్నవి. అక్కడి వ్రాతప్రతులలో, ముద్రిత గ్రంథాలలో తెలుగు పుటకు ఒక క్రమశిక్షణ ఉండేది. నేటి జాలపుటకు ఆ క్రమశిక్షణను సమకూర్చేవి హెచ్‌టిఎంఎల్, సిఎస్ఎస్, యూనికోడ్ అనే ప్రమాణాలు. తెలుగు పాఠాన్ని దాని బాహ్యరూపం నుంచి విడదీసి నిలబెట్టడంలో ఈ ప్రమాణాలు చారిత్రకంగా ఏ పాత్ర వహించాయో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

పాఠం, విన్యాసం: పూర్వరంగం

తాళపత్ర ప్రతిలో పుట కొలతను తాటియాకు నిర్ణయించింది. ఆకు పొడవు మారితే పంక్తికి పట్టే అక్షరాల సంఖ్య మారుతుంది. సూత్రం దూర్చే రంధ్రం చుట్టూ లేఖకుడు ఖాళీ వదులుతాడు. పదానికీ పదానికీ మధ్య ఎడం ఉండదు. పద్యపాదం ఆకు అంచున ముగియవలసిన నిర్బంధమూ లేదు. ఒకే కావ్యాన్ని వెడల్పాటి ఆకులపై ఒకరు, సన్నని ఆకులపై మరొకరు వ్రాసుకుంటే రెండు ప్రతుల రూపం వేరవుతుంది గాని కావ్యం వేరు కాదు.

రూపం మారినా నిర్మాణం చెడకపోవడానికి కారణం, ఆ నిర్మాణం పాఠంలోనే గుర్తించబడి ఉండటం. పద్యానికి ముందు క., సీ., తే., వ. అనే సంకేతాలు అది కందమో, సీసమో, తేటగీతియో, వచనమో చెబుతాయి. యతిప్రాసలు పాదాల హద్దులను పట్టి ఇస్తాయి. ఆశ్వాసాంత గద్య గ్రంథం పేరు, కవి పేరు, ఎన్నవ ఆశ్వాసం ముగిసిందో తెలుపుతుంది. ఆకు సంఖ్య పాఠకుడికి దారి చూపుతుంది. ‘ఇది ఏమిటి’ అని చెప్పే గుర్తులు పాఠంతోనే ప్రయాణిస్తాయి. ‘ఇది ఎలా కనబడాలి’ అనేది మాత్రం ఆకును బట్టి, లేఖకుణ్ణి బట్టి, తర్వాతి కాలంలో ముద్రాపకుణ్ణి బట్టి మారుతుంది. ఈ రెండింటి విభజనే ఆధునిక జాలపుట ప్రమాణాలకూ పునాది.

తొలినాటి తెలుగు జాలపుటలు

1990ల ద్వితీయార్ధంలో తెలుగు పత్రికలు అంతర్జాలంలోకి వచ్చినప్పుడు ఈ విభజన చెదిరిపోయింది. 1991లో వెలువడిన యూనికోడ్ తొలి కూర్పులోనే తెలుగుకు స్థానం ఉన్నా, సామాన్య పాఠకుల కంప్యూటర్లు దానిని చూపగల స్థితిలో లేవు. అందువల్ల ఒక్కొక్క సంస్థ తన సొంత ఫాంటును రూపొందించుకుంది. రోమన్ అక్షరాల సంకేతస్థానాలలో తలకట్టు, గుడి, కొమ్ము, వత్తు వంటి ముక్కలను అమర్చింది. అచ్చుకూటంలో ఒక్కో కంపోజిటరు తన కేసు అరలను తన ఇష్టప్రకారం సర్దుకుంటే ఎలా ఉంటుందో ఇది అలాంటిది. ఆ కేసు తెలిసినవారికే అక్షరం దొరుకుతుంది.

పుటతోపాటే ఫాంటును కూడా పంపే ‘డైనమిక్ ఫాంటు’ విధానం పాఠకుడి శ్రమను కొంత తగ్గించింది. అయితే ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కు ఒక రకం ఫాంటు ఫైలు, నెట్‌స్కేప్‌కు మరొక రకం కావలసివచ్చేది. కంటికి తెలుగుగా కనబడే ఆ పుటలో యంత్రానికి దొరికేది అర్థం లేని రోమన్ అక్షరాల వరుస. ఫాంటు తొలగితే పాఠమే పోయేది. వెతుకులాట యంత్రానికి అందులో తెలుగు పదం దొరికేది కాదు. నాగార్జున వెన్న రూపొందించిన ‘పద్మ’ అనే ఫైర్‌ఫాక్స్ పొడిగింత ఇటువంటి ఫాంటు సంకేతాలను యూనికోడ్‌లోకి మార్చవలసివచ్చిందంటే సమస్య తీవ్రత అర్థమవుతుంది.

విన్యాసంలోనూ ఇదే స్థితి. అంకెల కోసం ఏర్పడిన పట్టికలను పుటను గళ్లుగా విభజించడానికి వాడారు. కంటికి కనబడని చుక్కంత బొమ్మను సాగదీసి అంచుల ఎడం నిలిపారు. ఏ ఫాంటు లేకపోయినా తెలుగు కనబడాలన్న ఉద్దేశంతో మెనూలోని శీర్షికలను బొమ్మలుగా చేసి అతికించారు. చూపుకు అవి తెలుగు శీర్షికలు. అంధుడు వాడే తెరచదువరికి మాత్రం అక్కడ ఏమీ లేదు.

ప్రమాణాల ఆవిర్భావం

హోకన్ వియుం లీ 1994 అక్టోబరులో సిఎస్ఎస్ ప్రతిపాదనను ప్రకటించాడు. 1996 డిసెంబరు 17న దాని మొదటి స్థాయి డబ్ల్యు3సి సిఫారసుగా వెలువడింది. 1998 మే నెలలో రెండవ స్థాయి వచ్చింది. దీని మూలసూత్రం సరళమైనది. హెచ్‌టిఎంఎల్ పుటలోని ప్రతి అంశం ఏమిటో చెప్పాలి. ఇది శీర్షిక, ఇది పేరా, ఇది జాబితా. వర్ణం, పరిమాణం, ఎడం, స్థానం వంటివన్నీ వేరొక శైలిపత్రంలో ఉండాలి.

సూత్రం ఉన్నా ఆచరణ ఆలస్యమైంది. బ్రౌజర్లు ప్రమాణాలను ఎవరికి వారు వ్యాఖ్యానించుకున్నాయి. దీనిని ఎదిరించడానికి 1998లో వెబ్ స్టాండర్డ్స్ ప్రాజెక్టు ఏర్పడింది. 2003లో డేవ్ షే ప్రారంభించిన ‘సిఎస్ఎస్ జెన్ గార్డెన్’ వాదాన్ని ప్రదర్శనగా మార్చింది. అందులో హెచ్‌టిఎంఎల్ పాఠం ఒక్కటే. శైలిపత్రం మార్చగానే పుట రూపం ఆమూలాగ్రం మారుతుంది. వెడల్పాటి ఆకుపైనా సన్నని ఆకుపైనా నిలిచిన ఒకే కావ్యాన్ని ఎరిగిన తెలుగు పరిశోధకుడికి ఇందులోని తర్కం కొత్తది కాదు.

మెనూ నిర్మాణం కూడా ఆ కాలంలోనే స్థిరపడింది. మెనూ స్వభావరీత్యా ఒక జాబితా. దానిని జాబితాగానే గుర్తించి, అడ్డంగానో నిలువుగానో పరిచే బాధ్యతను సిఎస్ఎస్‌కు అప్పగించారు. శైలిపత్రం అందకపోయినా జాబితా జాబితాగానే మిగులుతుంది. తెరచదువరి అందులో ఎన్ని అంశాలున్నాయో లెక్క చెప్పగలుగుతుంది.

తెలుగు వైపు నుంచి ఈ దారి యూనికోడ్‌తో కలిసింది. దేశికాచారి రూపొందించిన పోతన2000, వేమన2000 ఫాంట్లు, విండోస్‌తో వచ్చిన గౌతమి ఫాంటు తెలుగు యూనికోడ్‌ను పాఠకుల ఇళ్లకు చేర్చాయి. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలైంది. 2006లో వచ్చిన ‘లేఖిని’ టైపు చేయడాన్ని సులభం చేసింది. తర్వాతి దశాబ్దంలో సిలికానాంధ్ర స్వేచ్ఛా లైసెన్సుతో విడుదల చేసిన ఫాంట్లు సిఎస్ఎస్ ద్వారా ఏ పుటకైనా అందేవి. గద్వాల ప్రాంతపు బిడ్డ, 1952లో వనపర్తి నుంచి శాసనసభకు ఎన్నికైన సురవరం ప్రతాపరెడ్డి పేరుతో వెలువడిన ‘సురవరం’ ఫాంటు వాటిలో ఒకటి. ఇక ఫాంటు మారినా పాఠం మారదు. తాళపత్రానికి ఉన్న గుణం జాలపుటకు తిరిగి దక్కింది.

కొత్త జిల్లాలు, ఒకే చట్రం

భారత ప్రభుత్వ వెబ్‌సైట్ల మార్గదర్శకాలు 2009లో వెలువడ్డాయి. తర్వాత సవరణలు పొంది 2023లో మూడవ కూర్పుగా వచ్చాయి. డబ్ల్యు3సి సౌలభ్య మార్గదర్శకాలు వాటికి ఆధారం. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఈ సౌలభ్యానికి చట్టబద్ధతను ఇచ్చింది. నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ ఈ నియమాలకు అనుగుణంగా ‘ఎస్3వాస్’ అనే ఉమ్మడి వేదికను నిర్మించింది. ఆ పేరులో భద్రత, విస్తరణ అనే భావాలతోపాటు ‘సుగమ్య’ అన్న సంస్కృత పదం కూడా ఇమిడి ఉంది.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల వెబ్‌సైట్లు ఈ చట్రంలోనివే. జిల్లా పరిచయం, శాఖలు, పర్యాటకం, పత్రాలు, ప్రకటనలు, పౌరసేవలు అనే విభాగాల క్రమం మూడింటిలోనూ ఒకటే. అలంపురం, శ్రీరంగాపూర్, సోమశిల వంటి క్షేత్రాల వివరాలు వేరైనా అవి చేరే అర ఒకటే. నేరుగా ప్రధానాంశానికి వెళ్లే లంకె, అక్షర పరిమాణాన్ని పెంచుకునే వీలు, వర్ణభేదాన్ని పెంచుకునే వీలు ఈ చట్రంలోని సాధారణ లక్షణాలు.

ఈ ఏకరూపత వల్ల నష్టమూ ఉంది, లాభమూ ఉంది. సంస్థాన సంస్కృతుల వైవిధ్యం పుట రూపంలో ప్రతిఫలించదు. కాని ఒక జిల్లా వెబ్‌సైటును వాడటం నేర్చిన వ్యక్తికి పొరుగు జిల్లా వెబ్‌సైటు కొత్తగా అనిపించదు. చట్రంలో ఒకచోట జరిగిన సవరణ అన్ని జిల్లాలకూ చేరుతుంది. ఇక్కడ ఏకరూపత అలంకారానికి సంబంధించినది కాదు, హక్కుకు సంబంధించినది.

తెలుగు లిపి పెట్టే పరీక్ష

ప్రమాణాలను పాటించినంత మాత్రాన తెలుగు పుట సక్రమమవుతుందని చెప్పలేం. రోమన్ లిపిని దృష్టిలో ఉంచుకున్న కొలతలు తెలుగుకు చాలవు. తెలుగు అక్షరం పైకి గుడులతో, కిందికి వత్తులతో పెరుగుతుంది. మెనూ పట్టీ ఎత్తును స్థిరమైన పిక్సెళ్లలో బిగించి, పొంగిన భాగాన్ని దాచమని ఆదేశిస్తే మొదట తెగేది వత్తే. ఈ మూడు జిల్లాల పేర్లే ఇందుకు చక్కని ఉదాహరణలు. వత్తు తెగితే గద్వాల ‘గదాల’ అవుతుంది, వనపర్తి ‘వనపరి’ అవుతుంది, కర్నూల్ ‘కరూల్’ అవుతుంది. ‘స్త్రీ శిశు సంక్షేమ శాఖ’ వంటి పేరులో ఒక అక్షరానికే రెండు వత్తులున్నాయి. కాబట్టి ఎత్తును పిక్సెళ్లలో కాక అక్షర పరిమాణానికి అనులోమంగా చెప్పడం, పంక్తుల మధ్య ఎడాన్ని ఆంగ్లానికన్నా ఎక్కువగా ఉంచడం తెలుగు విన్యాసానికి కనీస నియమాలు. పాఠకుడు అక్షరాలను రెండింతలు చేసినా పుట చెదరకూడదన్న సౌలభ్య నియమం కూడా అప్పుడే నెరవేరుతుంది.

అక్షరం అన్న భావనే మరొక పరీక్ష. పేరాలోని తొలి అక్షరాన్ని పెద్దదిగా చూపే సౌకర్యం సిఎస్ఎస్‌లో మొదటినుంచీ ఉంది. కాని యూనికోడ్ సాధారణ నియమాల ప్రకారం ‘శ్రీ’ రెండు ముక్కలుగా లెక్కకు వచ్చేది. తెలుగు వ్రాతప్రతులకు ఆదిలో నిలిచే అక్షరమే ఇలా చీలిపోవడం గమనార్హం. 2023లో వెలువడిన యూనికోడ్ 15.1 కూర్పు తెలుగుతో సహా కొన్ని భారతీయ లిపుల సంయుక్తాక్షరాలను ఒకే అక్షరంగా గుర్తించే నియమాన్ని చేర్చింది. సంయుక్తాక్షరం ఒకే వర్ణసముదాయమన్న తెలుగు వ్యాకరణ దృష్టి ప్రమాణంలో భాగం కావడానికి మూడు దశాబ్దాలకు పైగా పట్టింది.

‘నాగర్‌కర్నూల్’ అన్న పేరు ఇంకొక చిక్కును చూపుతుంది. పొల్లు రకారాన్ని నిలపడానికి కంటికి కనబడని విడదీత సంకేతం అవసరం. అది లేకుంటే ‘నాగర్కర్నూల్’ అని కలిసిపోతుంది. కొందరు రెండు పదాలుగా ఎడమిచ్చి వ్రాస్తారు. మనిషికి మూడూ ఒకే ఊరు, యంత్రానికి మూడు వేర్వేరు వరుసలు. పేరును ఒకే తీరున వ్రాయడం జిల్లా పుటల నిర్వహణలో లిపిశాస్త్రం తెలిసినవారు తీర్చగల విషయం.

మిగిలిన పని

చట్రం ఎంత ప్రమాణబద్ధమైనా అందులో పెట్టే వస్తువు ప్రమాణబద్ధం కాకపోతే ఫలితం ఉండదు. కాగితంపై సంతకం చేసిన ఉత్తర్వును స్కాన్ చేసి ఎక్కిస్తే అది పాఠం కాదు, పాఠం యొక్క ఛాయాచిత్రం. అచ్చంపేట అటవీ ప్రాంతంలోని అంధ విద్యార్థి ఉపకారవేతన ప్రకటన కోసం తన ఫోనులో వెదికితే, ఆ ప్రకటన పుటలో ఉండి కూడా అతనికి లేనట్టే. పాత ఫాంటుతో టైపు చేసిన పత్రాన్ని యూనికోడ్‌లోకి మార్చకుండా ఎక్కించినా ఇదే ఫలితం. తొలినాటి జాలపుటల లోపం పుట చట్రాన్ని వదిలి, దానికి జోడించిన పత్రాలలోకి చేరుకుందన్నమాట.

సంస్థాన సాహిత్యం విషయంలోనూ ఇది వర్తిస్తుంది. గద్వాల, వనపర్తి, జటప్రోలు సంస్థానాల కావ్యాలను పుటల బొమ్మలుగా భద్రపరచడం అవసరమే, కాని అది తొలిమెట్టు మాత్రమే. కందాన్ని కందంగా, సీసాన్ని సీసంగా, గద్యను గద్యగా గుర్తించిన యూనికోడ్ పాఠం ఏర్పడితేనే వాటిని వెదకడానికి, పోల్చడానికి, పాఠాంతరాలు చూపడానికి వీలవుతుంది. ఆ గుర్తులను వ్రాతప్రతి లేఖకులే వేసి ఉంచారు. వాటిని హెచ్‌టిఎంఎల్‌లోకి తీసుకురావడానికి ఛందస్సు తెలిసిన వ్యక్తి కావాలి. ఇది సాంకేతిక నిపుణుడికి మాత్రమే వదిలివేయదగిన పని కాదు. తెలుగు శాఖల పరిశోధన పరిధిలోకి రావలసిన పని.

ముగింపు

తెలంగాణలో తెలుగు కవులు లేరన్న వ్యాఖ్యకు సమాధానంగా సురవరం ప్రతాపరెడ్డి 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ను ప్రకటించి 354 మంది కవులను లోకం ముందు నిలిపాడు. కవులు అంతకుముందూ ఉన్నారు. వారు అందరికీ అందే చోట, వెదకగలిగే క్రమంలో లేకపోవడం వల్లనే లేరన్న మాట చెల్లింది. అంతర్జాలంలోనూ వెదికితే దొరకని పాఠం లేనట్టే లెక్క. పుటవిన్యాస ప్రమాణాలు కంటికింపు కోసం ఏర్పడిన నియమాలుగా పైకి కనబడతాయి. ఈ మూడు జిల్లాల ఉదాహరణ చూస్తే, తెలుగు పాఠం ఉన్నదని యంత్రానికీ, దాని ద్వారా ప్రతి పాఠకుడికీ తెలియజేసే ఆధారాలుగా అవి తేలుతున్నాయి. చట్రం సిద్ధమైంది. అందులోకి చేరే ప్రతి ఉత్తర్వు, ప్రతి పద్యం బొమ్మగా కాక పాఠంగా చేరడం ఇకపై జరగవలసిన పని.