ముద్ర వేసేవాళ్ళని అడిగేదెవరు?

ప్రతి ఏడాదీ మా ఆఫీసులో ఎక్స్‌పోర్ట్ కంట్రోల్ ట్రైనింగ్ ఒకటి వుంటుంది. ఫలానా దేశాలకి సాఫ్ట్‌వేర్ పంపకూడదని ఒక జాబితా చూపిస్తారు. నెక్స్ట్, నెక్స్ట్ నొక్కేసి సర్టిఫికెట్ తెచ్చుకుంటాం. ఈసారి ఎందుకో, అసలు అందులో పేర్లు ఎవరు రాస్తారో చూద్దామనిపించింది.

ఉగ్రవాదాన్ని పోషించే దేశాలంటూ అమెరికా జాబితా 1979 డిసెంబర్లో లిబియా, ఇరాక్, సిరియా, దక్షిణ యెమెన్‌లతో మొదలైంది. చేర్చడానికి విదేశాంగ మంత్రి నిర్ణయం చాలు, అక్కడి కాంగ్రెస్‌లో ఓటు అక్కర్లేదు. తీసెయ్యాలంటే మాత్రం మామూలుగా 45 రోజుల ముందు కాంగ్రెస్‌కి చెప్పాలి. ఉగ్రవాద సంస్థల జాబితాకి 1996 చట్టం వుంది. దాని ప్రకారం 7 రోజుల ముందు కాంగ్రెస్ పెద్దలకి తెలియజేస్తారు. అంతే.

ఆ ఏడు రోజుల్లో ఎవరైనా ఏమైనా అడుగుతారా? మా పాతబస్తీ సంగతే చూడండి.

2007 మే 18, శుక్రవారం. మక్కా మసీదులో నమాజు వేళ బాంబు పేలింది. 9 మంది పోయారు. తరవాత పోలీసు కాల్పుల్లో ఇంకో 5గురు. లాల్‌దర్వాజాలో మా ఇంట్లో ఆ రోజు తలుపులు తియ్యలేదు. నాకప్పుడు పదేళ్ళు కూడా లేవు. హుజీ అనే సంస్థ పేరు వినపడింది, బస్తీ కుర్రాళ్ళని ఎంతోమందిని పట్టుకెళ్ళారు.

2010 ఆగస్టు 6న అమెరికా హుజీని ఉగ్రవాద సంస్థగా ప్రకటించింది. ఆ ప్రకటనలో హైదరాబాద్ మసీదు దాడిని కూడా దాని ఖాతాలోనే రాసింది. విచిత్రమేంటంటే, అప్పటికే మన సీబీఐ వేరే దారిలో వెళ్ళి, వేరేవాళ్ళని అరెస్టు చేసింది! నవంబర్లో అసీమానంద్ అరెస్టయ్యాడు. 2018 ఏప్రిల్ 16న ఎన్ఐఏ కోర్టు విచారణ ఎదుర్కొన్న అయిదుగురినీ నిర్దోషులంది. అంటే ఆ బాంబు ఎవరు పెట్టారో కోర్టులో ఇప్పటికీ రుజువు కాలేదు.

హుజీ మంచిదని నేననటం లేదు, దాని మీద వేరే ఆరోపణలు చాలానే వున్నాయి. కానీ మా మసీదు పేరు రాసేముందు "ఆధారమేది?" అని ఒక్క సభ్యుడు అడిగుంటే, ఆ వాక్యం నిలబడేదా?

మన దగ్గరా ఇంతే. యూఏపీఏ కింద 2004 నుంచి సంస్థలని, 2019 నుంచి వ్యక్తులని కూడా కేంద్రం గెజెట్ ప్రకటనతో ఉగ్రవాదులుగా చేర్చొచ్చు. సమీక్ష కమిటీని వేసేదీ కేంద్రమే. దేశాల మీద ముద్ర వెయ్యడానికి రాజీవ్ చంద్రశేఖర్ 2017లో రాజ్యసభలో ప్రైవేటు బిల్లు పెట్టారు, అది చట్టం కాలేదు.

రెండు లైన్ల కోడ్ మార్చాలన్నా ఇంకొకరు రివ్యూ చెయ్యందే మనం మెర్జ్ చెయ్యం. ఒక దేశం మీదో, ఒక మనిషి మీదో వేసే ముద్రకి ఆ మాత్రం రివ్యూ వద్దా? మీరేమంటారు?