పాత నేరాలకు నాటి పెరోల్ పద్ధతి (న్యూ సౌత్ వేల్స్)

దశాబ్దాల కిందటి నేరానికి ఇప్పుడు శిక్ష వేసేటప్పుడు, ఆ కాలపు పెరోల్ ఆనవాయితీని లెక్కలోకి తీసుకోవడం ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ కోర్టులు పాటించిన పద్ధతి. అక్కడ 1989 శిక్షల చట్టానికి ముందు, పెరోల్‌కు అర్హత రాకముందు జైల్లో గడపాల్సిన కాలం చాలావరకు మొత్తం శిక్షలో మూడో వంతు నుంచి సగం దాకా ఉండేది. తర్వాత అది మామూలుగా ముప్పావు వంతయింది. పన్నెండేళ్ల శిక్షకు నాలుగు నుంచి ఆరేళ్ల బదులు తొమ్మిదేళ్లన్నమాట. పద్ధతి ఇలా కఠినమైనప్పుడు నేరం నాటి పద్ధతినే చూడాలని 2002లో ఎంజేఆర్ కేసులో అప్పీలు కోర్టు మెజారిటీతో తేల్చింది. పిల్లలపై లైంగిక నేరాల్లో ఇది విడ్డూరంగా పరిణమించింది: బాధితులు నోరు విప్పడానికి పట్టిన ఏళ్లు నేరస్థుడికే కలిసొచ్చేవి. 2018లో ఆ నేరాలకు, 2022లో మిగతా వాటికీ (అసాధారణ పరిస్థితుల్లో తప్ప) శిక్ష వేసేనాటి పద్ధతే వర్తించేలా చట్టం మారింది. గరిష్ఠ శిక్ష మాత్రం నేరం నాటిదే.